రెండు గీతలు కలిసిన చోట

సాయంత్రపు ఎండలో, పరిశోధన చేస్తున్న కూతురు తన కంప్యూటర్‌లో రెండు గీతలు చూపించింది. చెక్కను పల్చటి పొరలుగా తీసే వెనీర్ మిల్లులో ఒకప్పుడు మెకానిక్ అయిన తండ్రి కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఈ దిగేది మన దేశపు వెనీర్ ఎగుమతి నాన్నా. ఎక్కేది పక్క దేశానిది.”

“ఈ రెండూ కలిసిన చోటేంటమ్మా?”

“వాళ్లు మనల్ని దాటేసిన ఏడాది. మన మిల్లులు మూతపడ్డాయి.”

“మాదీ పోయింది. మిషన్లు వాళ్లే కొని, బిగించడానికి నన్నూ తీసుకెళ్లారు.”

“ఎంత బాధపడ్డావో!”

“పడ్డాను. అక్కడ ఒకమ్మాయి పల్చటి చెక్క పొర ఎత్తి ఎండకేసి చూస్తోంది. ఆ వెలుగులో మొహమంతా తేనె రంగు. ఇక బాధెక్కడిది?”

“అమ్మేనా?”

“ఇంకెవరు? బతికుంటే ఈ గీతలు చూసి పడీపడీ నవ్వేది.”

“ఇక్కడ ‘పతనం’ అని రాశాను నాన్నా. తీసేయనా?”

“ఉంచమ్మా. దేశానికి అదే నిజం.”

అంటూనే ఆయన ఆ గీతలు కలిసిన చోట వేలు ఆనించాడు. చాలాసేపు తీయలేదు.