ఉప్పులంక జనాభా లక్ష

“వచ్చే ఉగాదికి మీ ఉప్పులంకలోకి బస్సు వస్తుంది. పూచీ నాది.” ఓట్ల ముందు ఆ మాటన్న పెద్దమనిషి గెలిచాడు. మూడు ఉగాదులు వెళ్లిపోయాయి. బస్సు ఇప్పటికీ బందరు రోడ్డు మీద సూర్యకుమారి టీ కొట్టు దగ్గరే ఆగుతుంది. అక్కణ్ణించి ఊరికి ఐదు కిలోమీటర్లు, వానొస్తే మోకాలి లోతు బురద. ఐదువందల మంది లేని ఊరికి రోడ్డు వేయరట. సర్వేలో ఉప్పులంక జనాభా నాలుగువందల అరవై మూడు. ముప్పై ఏడుగురు తక్కువైతే బతకడానికి దారి ఉండదన్నమాట!

ఆ లెక్క తప్పని అర్జీ రాసుకొచ్చాడు దుర్గాశ్రీనివాస్, బందరులో డిగ్రీ చదివే ఆ ఊరి కుర్రాడు. సర్వే ఆయన్ని ఇల్లిల్లూ తిప్పింది కొండయ్య. చెయ్యి విరిగి ఆ రోజు చేపల వేటకు వెళ్లలేదు. అందుకే అర్జీకి కొండయ్య సాక్ష్యం కావాలి. ఆయనేమో సూర్యకుమారి కొట్టు బల్ల మీద టీ గ్లాసు పట్టుకుని కోతలు మొదలుపెట్టాడు.

“సర్వే ఆయన రాగానే కుర్చీ వేసి కొబ్బరి బోండం కొట్టిచ్చానా, నా పేరు రాసుకున్నాడా, ఆయన పక్కింటికెళ్లేసరికి నేను పెరటి దారిన వెళ్లి చొక్కా మార్చుకుని ఆ అరుగు మీద కూర్చున్నా. మళ్లీ రాసుకున్నాడు! అట్లా నలభై ఇళ్లలో నలభైమంది కొండయ్యలు.”

“నలభై చొక్కాలెక్కడివి మావయ్యా నీకు?” అన్నాడు ఆటో నాగేశ్వరరావు.

“ఊళ్లో ఆరేసినవన్నీ నావేరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గట్టెక్కి ఒక్క కేకేశా. అంతర్వేది దాకా ఉన్న బోట్లన్నీ తిరిగొచ్చాయి. మనుషులు దిగుతూనే ఉన్నారు, ఆయన రాస్తూనే ఉన్నాడు, పెన్నులైపోతే బొగ్గుతో రాశాడు. సాయంత్రానికి లక్ష! బందరును దాటేశాం. జిల్లా ఆఫీసులన్నీ ఉప్పులంకకు మార్చేస్తామని పైనుంచి ఫోను. అవన్నీ వద్దు, ముందు బస్సు వెయ్యండన్నా. తెల్లారేసరికి తారు రోడ్డు, ఇరవై బస్సులు వరసగా! మీ కోటమ్మత్తను పాము కరిచిన రోజు కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టానా, డ్రైవరు హారను కొట్టేలోపే బందరు ఆసుపత్రి. ఇంజెక్షనివ్వగానే లేచి కూర్చుని, పొయ్యి మీద కూర మాడుతుంది, ఇంటికెళ్దాం పద అంది...”

నాగేశ్వరరావు నవ్వు ఆగిపోయింది. సూర్యకుమారి పొయ్యి మీంచి పాల గిన్నె దించింది.

“అన్నయ్యా, వదినని నలుగురూ మంచం మీద మోసుకొచ్చింది ఈ కొట్టు దాకానే. ఈ బల్ల మీదే నోట్లో నీళ్లు పోశాను. మింగలేదు.”

దుర్గాశ్రీనివాస్ తన అర్జీ వైపు చూశాడు. ‘రోడ్డు భిక్ష కాదు, మా హక్కు’ అని పైన పెద్దక్షరాలతో రాసిన మాట ఆ క్షణాన అతనికే చదవబుద్ధి కాలేదు.

కొండయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. “సర్వే ఆయన మంచోడేరా. ‘వేటకెళ్లినవాళ్లు ఎంతమందండీ?’ అని రెండుసార్లడిగాడు. సముద్రం మీదున్న మనుషుల్ని మనం లెక్కపెట్టం కదా. లెక్కపెడితే ఒకరు తక్కువొస్తారని మా అమ్మ భయపెట్టేది. నా పెద్దోడు కూడా వెళ్లాడు. తెలీదండీ అన్నా. నన్ను చూసి ఊరంతా అదే చెప్పింది. ఆర్నెల్లకి మీ అత్త...”

“ఈ రోజూ వాళ్లంతా వేటలోనే ఉన్నారు మావయ్యా. బావ కూడా. తిరిగొచ్చాకే చెప్పు, ఆగుతాను” అన్నాడు దుర్గాశ్రీనివాస్.

కొండయ్య సముద్రం వైపు తిరిగాడు. “వద్దు. ఇప్పుడే రాసుకో.”

ఒక్కో బోటు పేరూ, అందులోని మనుషుల పేర్లూ చెబుతూ వేళ్లు మడిచాడు. కొడుకు పేరు ఆఖరున చెప్పాడు. ఆ వేలూ మడిచాడు.

“అరవై ఒక్కరు. రాశావా?”

రాశాడు. మొత్తం ఐదువందల ఇరవై నాలుగు. కింద కొండయ్య వేలిముద్ర. దాని కింద ఒకే వాక్యం: ‘నవంబరు 30వ తేదీలోగా మాకు జవాబు కావాలి.’