గద్దను దించమని పిల్ల పిలవలేదు

నా పేరు లెంక రాజకుమారి. భర్త పేరు అప్పలసూరి. వయసు నలభై మూడు. నెల్లిమర్ల మండలం కొత్తపేట మా ఊరు. వ్యవసాయం చేసుకుంటాం. ఏడో తరగతి దాకా చదివాను. నన్నెవరూ రమ్మనలేదు, ఎవరూ నేర్పి పంపలేదు. నా అంతట నేనే స్టేషనుకు వచ్చి ఎస్.ఐ. గారి ఎదుట చెబుతున్నాను. హెడ్ కానిస్టేబుల్ యమున గారు రాసుకుంటున్నారు.

మా పక్కచేను రైతు దాలయ్యకు కంటికి దెబ్బ తగిలిన రోజున, నా భర్త ఇదే స్టేషనులో ఒకే మాట చెప్పాడట. "పిల్ల పిలవనేదు బాబూ, అందుకే గద్దని దించనేదు." ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాడట. తాగి ఉన్నాడనో, మతి చలించిందనో మీరు అనుకున్నారు. నా భర్త తాగడు. చుట్ట కూడా మానేశాడు. మతి బాగానే ఉంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పిల్ల ఎందుకు పిలవలేదో మాత్రం ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

పిల్ల అంటే మా బిందు. మాకు ఒక్కతే. విజయనగరంలో పాలిటెక్నిక్ చదివేది. కిందటి వానాకాలం డెంగీ జ్వరంతో చనిపోయింది. దాని గురించి ఇంతకంటే అడగకండి, అది చెబితే మిగతాది చెప్పలేను.

మొక్కజొన్న కంకి పాలు పోసుకోగానే రామచిలకలు గుంపులుగా దిగుతాయి. ఇదివరకు రేకు డబ్బాలు కొట్టేవాళ్ళం, చేతులు పడిపోయేవి. బిందు ఫోము అట్టలు కోసి గద్ద ఆకారంలో చిన్న విమానం చేసింది. ముక్కుకి ఫ్యాను, పొట్టలో బ్యాటరీ. కింద నిలబడి రిమోటుతో తిప్పాలి. రెక్కలకు నల్లరంగు నేనే వేశాను. అది చేను మీద ఒక చుట్టు తిరిగితే చిలకలు పక్కూరి దాకా పోయేవి. "ఒదినా, నా సేను మీద కూడా ఓ సుట్టు తిప్పమను" అనేవాడు దాలయ్య. తిప్పేవాళ్ళం.

గద్ద పొట్టలో బ్యాటరీ సంగతి అందరూ చూసుకుంటారు. చేతిలోని రిమోటుకు కూడా ఒక బ్యాటరీ ఉంటుంది. అది ఆగిపోయిందా, పైన ఎగిరేది ఎవరి మాటా వినదు. బిందు రిమోటుకు ఛార్జి ఎక్కే పెన్సిలు బ్యాటరీలు ఎనిమిది కలిపి కట్టింది. ఛార్జి తగ్గితే రిమోటు కీచుమని కూస్తుంది. వాళ్ళ నాన్నకు పరధ్యానం ఎక్కువ, ఆ కూత చెవికెక్కించుకోడు. అందుకని కూత తీసేసి తన గొంతే ఎక్కించింది. వంటింటి గుమ్మంలో కూర్చుని ఫోనులో చెప్పి అందులోకి పంపింది. "నానా, బేటరీ దిగిపోతన్నాది. గద్దని దించీ." సరిగ్గా అప్పుడే నేను లోపల్నుంచి "ఒసే బిందూ, అన్నం సల్లారిపోతన్నాది, రాయే" అని కేకేశాను. "వస్తన్నానే అమ్మా" అంది. ఆ రెండు మాటలూ అందులో పడిపోయాయి. చెరిపేసి మళ్ళీ చెప్పవే అన్నాను. నవ్వి, ఉండనీ అంది.

బిందు పోయాక నా భర్త చేలోంచి వచ్చి, గద్దను చాపలో చుట్టి, రిమోటు మాత్రం ఆపకుండా అరుగు మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఛార్జి దిగితే బిందు పలికేది. బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా ఆగి ఆగి పలుకుతూనే ఉండేది. "ఏటి మావా ఇది, అలా పిండేస్తే బేటరీ పాడైపోద్ది" అని తిట్టేదాన్ని. తిడుతూనే చీపురు పట్టుకుని తుడిచిన చోటే తుడిచేదాన్ని. నేనూ వినడానికే. ఆ కేక నాదే. అయినా విన్నప్పుడల్లా పొయ్యి మీద అన్నం ఏమైందోనని వంటింటి వైపు చూసేదాన్ని.

రోజూ అడుగంటా వాడేస్తే ఏ బ్యాటరీ మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? రెండు సెల్లులు కారి తెల్లగా పూత కట్టాయి. ఈ నెల మూడో తారీఖు మంగళవారం నేనే రిమోటు పట్టుకుని విజయనగరం వెళ్ళాను. గోవిందరావు గారి దుకాణంలోనే బిందు సామాన్లు కొనేది. ఆయన పాత రకం లేదని, అదే గూట్లో పట్టే లిథియం బ్యాటరీ తీశారు. రిమోటుకు సరిపోతుందో లేదో మీటరు పెట్టి చూసి బిగించారు. తర్వాత ఇలా అన్నారు.

"అమ్మా, పిలుపు పాత బేటరీ లెక్కన పెట్టి ఉన్నాది. ఎనిమిది పాయింటు ఎనిమిది ఓల్టులకి దిగితే పలుకుతాది. ఈ కొత్తది తొమ్మిది దగ్గరే దానంతటది ఆగిపోతాది. మరింక పలికేదెప్పుడు? ఆ అంకె పదిన్నరకి పెంచీనివ్వండి, ఒక్క నిమిషం."

నేను రిమోటు మీద చెయ్యి అడ్డం పెట్టేశాను. "లోపల సెయ్యెట్టకండి బాబూ" అన్నాను.

ఎందుకంటే బిందు ఫోను అలాగే పోయింది. పిల్ల పోయిన నెలలోనే ఫోను తెరుచుకోవడం లేదని శ్రీకాకుళంలో ఒక దుకాణంలో ఇచ్చాను. ఏమీ పోదమ్మా అన్నాడు. బాగుచేసి ఇచ్చాడు. ఫోటోలు, మాటలు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఫోను మాత్రం కొత్తదానిలా ఉంది. ఒకసారి కాలిన చేతిని మళ్ళీ పొయ్యిలో పెడతామా? గోవిందరావు గారు కూడా "గొంతు ఎక్కడికీ పోదమ్మా" అన్నారు. వాడూ ఇదే మాటన్నాడు అన్నాను. పాపం ఆయన మరి బలవంతపెట్టలేదు. "అయితే రిమోటు తెర మీద అంకె సూసుకోమనండి, పదిన్నరకి రాగానే దించీమనండి" అని రెండుసార్లు చెప్పారు. తలూపాను.

ఇంటికొచ్చి నా భర్తకు చెప్పలేదు. చెబితే పిల్ల గొంతు కోసం మర్నాడే దుకాణానికి పరిగెత్తి అంకె మార్పించేవాడు. మారిస్తే ఉన్న గొంతూ పోతుందని నా భయం. పలకకపోయినా సరే, లోపల భద్రంగా ఉంటే చాలనుకున్నాను.

ఆయన రోజూ అరుగు మీద కూర్చునేవాడు. రిమోటు చప్పుడు లేకుండా ఆగిపోయేది. "ఏటే, బిందు గుంట పలకడం మానీసింది" అన్నాడు ఒకరోజు. మరో రోజు, "నా మీద కోపమొచ్చిందేటే?" అన్నాడు. కొత్త బ్యాటరీ కదా, సర్దుకుంటుందిలే అని అబద్ధమాడాను. అప్పట్నుంచి చేలో గద్దను ఇంకా ఎక్కువసేపు తిప్పేవాడు. ఎగురుతున్నప్పుడైతే పిలవకుండా ఉండలేదని ఆయన నమ్మకం.

పన్నెండో తారీఖు గురువారం సాయంత్రం నాలుగున్నరకు మజ్జిగ పట్టుకుని చేలోకి వెళ్ళాను. గద్ద దాలయ్య చేను మీద తిరుగుతోంది. ఒక్క చిలక లేదు. "పిట్టలెల్లిపోనాయి, దించీ మావా" అన్నాను. "పిలుస్తాది, ఉండు" అన్నాడు. తెర మీద అంకె చూశాను. తొమ్మిది పాయింటు మూడు. నేను చూశాను. దించీ అని మళ్ళీ అన్నాను గాని, ఎందుకో చెప్పలేదు. ఈ మాట అలాగే రాయండి యమునమ్మా, అంకె చూసి కూడా ఎందుకో చెప్పలేదు.

తెర నల్లబడింది. పిలుపు లేదు, కూత లేదు. పైన ఫ్యాను ఆగింది. గద్ద చప్పుడు చేయకుండా ఒక పక్కకి వాలి కిందికి వచ్చింది. గట్టు పక్కన గడ్డి కోస్తున్న దాలయ్య నడుం ఎత్తి చూశాడు. చూడకుండా ఉంటే వీపుకు తగిలి ఉండేది.

కుడికన్ను ఇక రాదని ఆసుపత్రిలో చెప్పారు. చూడ్డానికి వెళితే దాలయ్య కట్టుతోనే నా వైపు తిరిగి, "ఒదినా, గుంట సేసిన గద్ద ఇరిగిపోనాదా?" అని అడిగాడు. ఓలమ్మో, తిట్టినా బాగుండేది.

గోవిందరావు గారు నాసిరకం బ్యాటరీ అమ్మారని దాలయ్య బావమరిది ఫిర్యాదు ఇచ్చాడు. అందుకని ఈ రోజు ఎస్.ఐ. గారు ఆయన్నీ పిలిపించారు. నా భర్త బెంచీ మీద ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. రిమోటుకు కాస్త ఛార్జి ఎక్కించి బల్ల మీద పెట్టారు. అంకె మార్చకుండా వదిలేస్తే, కాసేపటికి పలక్కుండానే ఆగిపోయింది. అందరూ చూశారు. మళ్ళీ కొంచెం ఛార్జి పెట్టారు. ఇప్పుడు అంకె పెంచి చూడాలన్నారు. గోవిందరావు గారు చెయ్యి వెనక్కి తీసుకుని, "మీరు ఊఁ అంటేనే అమ్మా" అన్నారు.

వద్దనొచ్చు. వద్దంటే తప్పు ఆయన మీదో, నా భర్త మీదో పడుతుంది. "మార్చీండి" అన్నాను. కళ్ళు మూసుకున్నాను.

"నానా, బేటరీ దిగిపోతన్నాది. గద్దని దించీ." తర్వాత నా కేక. తర్వాత "వస్తన్నానే అమ్మా." మొత్తం ఉంది. ఒక్క ముక్క పోలేదు. నా భర్త బెంచీ మీద నుంచి లేచి, "దించీస్తన్నానమ్మా, దించీస్తన్నాను" అంటూ ఖాళీ చేతుల్లో బొటనవేళ్ళు కదిపాడు. తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు" అన్నాను.

అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడలేదు.

గోవిందరావు గారి తప్పు లేదు. నా భర్త తప్పు లేదు. రాయాల్సిన పేరు నాది. యమున గారు ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒత్తిడి ఏమీ లేదు. చదువుతున్నంతసేపూ బల్ల మీద రిమోటు పలుకుతూనే ఉంది. ఆపమంటారా అని అడిగారు. ఆపొద్దు, దానంతటది ఆగేదాకా ఉండనీండి అన్నాను. అది ఆగాకే కింద చేవ్రాలు చేశాను.

లెంక రాజకుమారి