అల్లుడుగారి బాసింపట్టు

కొత్త కారు ఘాట్ రోడ్డు దిగుతోంది. స్టీరింగు పట్టుకున్న అల్లుడు సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్క సీట్లో ముప్పై ఏళ్లు డ్రైవింగు స్కూలు నడిపిన మామగారు.

"కాళ్లు కింద పెట్టండి అల్లుడుగారూ."

"ఎందుకు మామయ్యగారూ? నలభై అని పెట్టాను. ఇక వేగం సంగతి కారే చూసుకుంటుంది."

"చదును రోడ్డు మీదైతే చూసుకుంటుంది. కొండ దిగేటప్పుడు అది ఆపేసి, చిన్న గేరు వెయ్యాలి."

"అదిగో మలుపు. చూశారా, దానంతటదే తగ్గింది! మీ అమ్మాయి కూడా నా మాట ఇంత చక్కగా వినదు."

"వినకపోబట్టే మీ సంసారం నిలబడింది."

"మళ్లీ తగ్గింది! ఎంత తెలివండీ దీనికి!"

"కాలిన వాసన రావట్లేదూ?"

"కొత్త కారు కదా, అలాగే ఉంటుంది. అయినా మలుపు వచ్చినప్పుడల్లా మీరేమిటి, కాలు నొక్కుతున్నారు? అక్కడ బ్రేకు లేదు మామయ్యగారూ!"

"ఉంది. మా స్కూలు కార్లకున్నట్టే. మొన్న మీరు భోంచేసి పడుకున్నప్పుడు మా మెకానిక్ చేత పెట్టించాను."

"అంటే... ఇంతసేపూ..."

"మొదటి మలుపులో నేను తొక్కగానే మీ నలభై రద్దయిపోయింది. అప్పట్నుంచి కారును నడుపుతున్నది కొండ, ఆపుతున్నది నేను."

"మరి నేనో?"

"కూర్చున్నారు. గేరు నేను మారుస్తాను గానీ, ముందు మీరు బ్రేకు తొక్కండి. నా కాలు తిమ్మిరెక్కింది."

"మామయ్యగారూ... నావి రెండూ."