గొట్టం ఆయుష్షు

1943, యుద్ధకాలం. రష్యాలోని తూలా పట్టణం. విమాన ఫిరంగులు చేసే కార్ఖానాలో, గొట్టాలు తొలిచే ముసలి పనివాడి దగ్గరికి కుర్ర ఇంజినీరు కొత్త డ్రాయింగు పట్టుకుని వచ్చాడు.

"ఈ గొట్టం పలచన చెయ్యాలి బాబాయ్. మూడు కిలోలు తగ్గితే విమానం ఇంకా చురుగ్గా తిరుగుతుందట."

"మతి గానీ పోయిందా నీకు? నిమిషానికి ఎనిమిది వందల గుండ్లు పేలుస్తుంటే గొట్టం కొలిమిలా కాగిపోతుంది. నేను చేసింది ఐదువేల గుండ్లు తట్టుకుంటుంది. పలచన చేస్తే పదిహేను వందలకే అరిగిపోతుంది."

"పదిహేను వందలు చాలన్నారు."

"ఎవడా మహానుభావుడు? మా తాత చేసిన సమోవార్‌లో మా ఇంట్లో ఇవాళ్టికీ టీనీళ్లు కాగుతున్నాయి. తూలా సరుకంటే అదీ!"

"కూలిన మన విమానాల్లోంచి నలభై ఫిరంగులు విప్పుకొచ్చి చూశారు బాబాయ్. ఒక్క గొట్టమూ అరగలేదు."

"ఎందుకరుగుతుంది? తొలిచింది నేను!"

"అందుకు కాదు."

ముసలాయన మిషను ఆపేశాడు.

"కూలేలోపు ఒక్కోటీ ఎన్ని పేల్చింది?"

"ఆ సంగతి వదిలెయ్ బాబాయ్."

"ఎన్ని?"

"సగటున తొమ్మిది వందలు."

"మా తిఖోన్ ఉత్తరం రాశాడు. వాడి ఫిరంగి ఎనిమిది వందల యాభై పేల్చిందట, ఒక్కసారీ మొరాయించలేదట. 'మా నాన్న చేతిపని' అని తోటి పైలట్ల దగ్గర గొప్పలు పోతున్నాడట."

"ఎప్పుడొచ్చిందా ఉత్తరం?"

"మూడు వారాలైంది. ఆ డ్రాయింగు అక్కడ పెట్టి వెళ్లు."