డ్రమ్ములో పట్టిన వణుకు

మా లాంచీ ఇంజను వణుకు తగ్గలేదు. తగ్గిపోయిందని మా ఆయన రేవంతా చెప్పేశారు.

ఆ మాట నమ్మి అద్దాల షాపాయన తోపుడుబండి నిండా కిటికీ అద్దాలు వేసుకుని పొద్దున్నే రేవులో దిగాడు. అవతలి ఒడ్డున కడుతున్న కొత్త ఆసుపత్రికి అద్దాలు వేసే పని ఆయనది. ఈ మొదటి లోడు పగలకుండా చేరితే మిగతా లోడులన్నీ మా లాంచీకే. పగిలితే ఈ ముసలి లాంచీని నమ్మి సరుకు వేసేవాళ్ళు ఇక ఉండరు. ప్రయాణికులు ఎప్పుడో కొత్త బోట్లకు మళ్ళారు. మాకు మిగిలింది సరుకే.

తెల్లవారుతూనే నేనొక్కదాన్నే లాంచీని నది మధ్యదాకా నడిపి చూసి వచ్చాను. చూసింది ఆయన చెవిన వేద్దామని టీ కొట్టుకు వెళ్ళేసరికి ఆయన కథ మొదలైపోయింది. కొట్టు మా తమ్ముడిది. మా ఆయన్ని రేవులో అందరూ కెప్టెన్ అంటారు. ఎక్కిరింపని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఎదురు బెంచీ మీద అద్దాల షాపాయన, పక్కన వలలు అల్లే తాత. మధ్యలో దూరడానికి నాకు ఒక్క సందు దొరకలేదు.

"మన లాంచీ వణుకు మీకు తెలియంది కాదు. ముందు బెంచీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరుగుతూ జరుగుతూ రేవు వచ్చేసరికి వెనక బెంచీలో తేలేవాడు. కట్టుడు పళ్ళవాళ్ళు పళ్ళు జేబులో వేసుకుని ఎక్కేవాళ్ళు. పెద్దపెద్ద మెకానిక్కులు వచ్చి చూసి, ఇంజనుకి దండం పెట్టి పోయారు. నేనేం చేశాను? లాంచీని గట్టెక్కించి, దిమ్మల మీద నిలబెట్టి, డాక్టరు రోగి గుండె విన్నట్టు ఇంజను మీద చెవి ఆనించి కూర్చున్నాను. అడిగాను. చెప్పింది."

"ఏం చెప్పింది బావా?" అన్నాడు మా తమ్ముడు టీ వడపోస్తూ.

"కాళ్ళు నొప్పులంది. ఇంజను కింద రబ్బరు కాళ్ళుంటాయి కదా, అవి ముసలివైపోయి రాళ్ళలా గట్టిపడ్డాయి. రాళ్ళ మీద నిలబెడితే ఎవరైనా వణుకుతారు. పాతవి పీకేసి కొత్తవి వేశాను."

ఇంతవరకూ నిజమే. ఆ రబ్బరు కాళ్ళు పాతవాటితో పోల్చి చూసి కొనుక్కొచ్చింది నేనే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజన్నీ వెనక పంకా తిప్పే షాఫ్టునీ కలుపుతూ రెండు ఇనప పళ్ళాలుంటాయి, కప్లింగంటారు. ఆ పళ్ళాల మధ్య సందు చుట్టూరా ఒకేలా ఉండాలి. లోకంలో అందరూ సన్నటి రేకు దూర్చి చూస్తారు. నేను రేకు ముట్టుకోలేదు. మీసం వెంట్రుక పీకి దూర్చాను."

"మీసం నిండుగానే ఉందే అల్లుడూ," అన్నాడు తాత.

"ఒక్కటే పీకాను తాతా. దాన్ని నిలువునా చీల్చి సగం పెట్టాను. అంత సన్నంగా బిగించాను కాబట్టి ఆ సగమూ దూరలేదు. నిన్న సాయంత్రం లాంచీని నీళ్ళలోకి దించి, రేవులో కట్టి, ఇంజను స్టార్టు చేసి, మూత మీద అంచుదాకా నింపిన టీ గ్లాసు పెట్టాను. కదిలితే ఒట్టు! మీగడ కట్టింది! కావాలంటే మా బావమరిదిని అడగండి."

"గ్లాసు నాదే," అన్నాడు మా తమ్ముడు. "నిజంగానే కదల్లేదు."

అద్దాల షాపాయన తల పంకించాడు. సాక్షి కూడా దొరికాక మా ఆయనకు పట్టపగ్గాల్లేవు.

"గ్లాసుదేముంది! సెలూనాయన అటుగా పోతూ ఇంజను మూత మీద ఒకాయన్ని కూర్చోబెట్టి గడ్డం గీశాడు. కత్తితో! గీయించుకుంటున్నాయన హాయిగా నిద్రపోయాడు. లేచి, 'ఇంకా ఇంజను స్టార్టు చెయ్యరేమండీ' అని మనమీదే విసుక్కున్నాడు. ఇంతలో కొంగొకటి వచ్చి గుడ్డు పెట్టి పొదగడం మొదలెట్టింది."

"నడుస్తున్న ఇంజను మీదా?" అన్నాడు షాపాయన.

"నడుస్తోందని దానికి తెలిస్తే కదండీ!"

తాత బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. ఈయన్ని ఎక్కడ గిల్లాలో ఆ తాతకు బాగా తెలుసు. "అంతా బాగుంది గానీ అల్లుడూ, ఇన్నేళ్ళ వణుకు కదా. ఒంట్లోంచి తీశావు సరే. తీసి ఎక్కడ పెట్టావు?"

మా ఆయన మొహం వెలిగిపోయింది.

"అడిగావు చూడు, అదీ ప్రశ్న! ఏ మెకానిక్కూ దాని గురించి ఆలోచించడు. తీసి గాలికొదిలేస్తాడు, అది పోయి ఇంకొకడి ఇంజనులో దూరుతుంది. నేనలా వదలను. ఖాళీ డీజిల్ డ్రమ్ములోకి మొత్తం తోడేశాను. మూత పెట్టి, మూత మీద నేను కూర్చుని మరీ బిగించాను. పొద్దున లేచి చూద్దును కదా, డ్రమ్ము లేదు!"

"ఎవరెత్తుకెళ్ళారు?"

"ఎత్తుకెళ్ళడమా? అదే వెళ్ళింది! వణుక్కుంటూ వణుక్కుంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కి, రోడ్డు దాటి, బస్టాండులో నిలబడింది. పాపం చలిజ్వరమేమో అని ఎవరో దుప్పటి కప్పారు. ఇంకెవరో బస్సులో సీటిచ్చారు. కండక్టరు వచ్చి టికెట్టు అడిగితే పలకదే! ముసలాయనకి చెముడేమోనని పక్కకెళ్ళిపోయాడు."

మా తమ్ముడు టీ గిన్నె దించి కింద పెట్టేశాడు. నవ్వుతో చేతులు నిలవట్లేదు వాడికి.

"నేను వెనకాలే పరిగెత్తి బస్సాపించాను. అప్పటికే డ్రమ్ము ఉబ్బిపోతోంది. పేలిందంటే ఊరు మిగలదు. మూత ఇంత, వేలు దూరేంత, వదులు చేశాను. చిటికెడు వణుకు బయటికొచ్చింది. అంతే! తోటల్లో కాయలన్నీ జలజలా రాలిపోయాయి. కొట్లలో బియ్యం వాటంతటవే జల్లించుకున్నాయి. ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోని తోడికోడళ్ళిద్దరు ఎదురుపడ్డారు, వణుక్కి ఇద్దరి తలలూ ఊగాయి. అవతలామె సరేనంటోంది అని ఈమె, ఈమే సరేనంటోంది అని ఆమె! ఇప్పుడు కలిసి వంట చేసుకుంటున్నారు."

"డ్రమ్మేది మరి?"

"పిండిమిల్లాయనకిచ్చేశాను. కరెంటు తీగ కత్తిరించుకున్నాడు. ఇక మిల్లాడటానికి అదే చాలట."

అద్దాల షాపాయన కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వడం ఆపి గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"డ్రమ్ము సంగతి అలా ఉంచండి కెప్టెన్. టీ గ్లాసు మాత్రం నిజమేనా? అయితే అద్దాలు ఎక్కించేయమంటారా?"

"నిశ్చింతగా ఎక్కించండి! ఒక్క గీత పడితే నన్నడగండి!"

బండి తోసుకొచ్చిన కూలీ తువ్వాలు తలకు చుట్టుకుని తాళ్ళు విప్పడం మొదలెట్టాడు. ఇక నేను ఊరుకోలేదు.

"ఏమండీ, ఆ గ్లాసు పెట్టినప్పుడు గేరు వేశారా?"

"గేరెందుకే? లాంచీ రేవులో కట్టేసి ఉంది కదా!"

ముందు తాతే నవ్వాడు. నవ్వుకు దగ్గొచ్చింది. దగ్గులోంచే అన్నాడు, "అంటే షాఫ్టు తిరగలేదు, పంకా తిరగలేదు! పెళ్ళి కాకుండానే కాపురం సజావుగా ఉందన్నావన్నమాట అల్లుడూ!"

మా ఆయన టీ గ్లాసులోకి తొంగి చూసుకున్నారు, అందులో ఏదో పడ్డట్టు.

నేను షాపాయన వైపు తిరిగాను. "చూడండి, గేరు వేయకుండా ఎంత వేగంగా తిప్పినా ఇంజను నిమ్మళంగానే ఉంది. కాబట్టి ఇంజనూ కొత్త కాళ్ళూ మంచివే. పొద్దున నది మధ్యలో గేరు వేసి నడిపాను. వేగం పెంచేకొద్దీ నేల చెక్కలు కూడా అదిరాయి. కాబట్టి లోపం ఇంజను వెనక ఉంది. పంకా వంగిందేమోనని లాంచీ గట్టు మీదున్నప్పుడే చూశాను, బాగానే ఉంది. నా అనుమానం కప్లింగు మీద. ఈయన దాన్ని గట్టు మీద బిగించారు. దిమ్మల మీద లాంచీ ఒళ్ళు ఒకలా ఉంటుంది, నీళ్ళలో దిగాక ఇంకోలా సర్దుకుంటుంది. గట్టున సరిగ్గా కలిసిన పళ్ళాలు నీళ్ళలో ఒక పక్క ఎడమవుతాయి. చెక్క లాంచీ కదా, మరీను."

"మిల్లాయన డ్రమ్ము మూత తీసుంటాడు," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "కొంత తిరిగొచ్చేసుంటుంది."

మళ్ళీ అందరూ నవ్వారు. నాకూ వచ్చింది గానీ ఆపుకున్నాను. షాపాయన లేచి నిలబడ్డాడు. బండి వెనక్కి తిప్పేస్తాడనుకున్నాను.

"అమ్మా, తన బండికి జబ్బుందని చెప్పేవాళ్ళని నేను చూడలేదు. ఆ మాట చాలు నాకు. మెల్లగా నడిపించండి, ఎక్కించేస్తాను."

"విన్నావా!" అన్నారు మా ఆయన.

"ఎక్కించెయ్యక్కా, అద్దాల మధ్య గడ్డి ఎక్కువ వేద్దాం," అన్నాడు మా తమ్ముడు.

"మీరు నమ్మినంత మాత్రాన అద్దం పగలడం మానదండీ," అన్నాను. "నీళ్ళలో ఉండగానే కప్లింగు విప్పి, రేకుతో సందు చూసి, సరిచేసి బిగించాలి. గేరు వేసి నది మధ్యదాకా వెళ్ళి రావాలి. అప్పటిదాకా ఒక్క అద్దం కూడా ఎక్కించను."

"ఇవాళ చేరకపోతే ఆసుపత్రివాళ్ళు లారీ పెట్టుకోమంటారమ్మా."

"అయితే లారీ పెట్టుకోండి."

లాంచీని నేనే ముంచేసినట్టు చూశారు మా ఆయన. షాపాయన రోడ్డు వైపు చూశాడు, అద్దాల వైపు చూశాడు. మళ్ళీ కూర్చుని ఇంకో టీ చెప్పాడు.

మా ఆయన స్పానర్లు పట్టుకుని ఇంజను గుంటలో దిగారు. రేకు నా చేతిలో ఉంది. కప్లింగు విప్పి చూస్తే పైన రేకు దూరలేదు, కింద బొటనవేలి గోరు దూరింది. ఇంజను ముందు కాళ్ళ నట్లు కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ రేకు పెడుతూ కూర్చున్నాం. ఆయన చేతులు మంచివే, నోటితోనే ఇబ్బంది. గుంటలోంచి కూడా డ్రమ్ము మీద ఇంకో కథ వినబడుతూనే ఉంది. గట్టు మీంచి తాత ఊకొడుతున్నాడు.

మధ్యాహ్నం దాటాక షాపాయన వచ్చి ఇంకోసారి అడిగాడు. ఎక్కించనన్నాను. ఎండ వాలే వేళకు మా ఆయనే మసి చేతులతో పైకొచ్చి, ఇక చాలు బంగారంలా ఉందంటూ ఒక అద్దం పట్టుకుని లాంచీ వైపు నడిచారు. దింపించాను. తాడు విప్పి, గేరు వేసి, నది మధ్యకు బయలుదేరాం. ఈసారి వేగం పెంచినా నేల చెక్కలు అదరలేదు. మేం వెళ్ళి వచ్చేదాకా అద్దాలన్నీ బండి మీదే ఉన్నాయి.