జిలాని బాషా గారు కొట్టివేసిన రెండు మాటలు

1989 జులై పదిహేడవ తేదీ సోమవారం నాడు ఎమ్మిగనూరులో జూనియర్ అసిస్టెంటుగా రెవెన్యూ శాఖలో అడుగుపెట్టిన శ్రీ జిలాని బాషా గారు, ముప్పయ్యారేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున ఆదోనిలో ఉప తహశీల్దారుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వీడ్కోలు సంచికల్లో సుగుణాలను మాత్రమే కీర్తించడం ఆనవాయితీ. కానీ తన తప్పు కూడా రాయాలని, లేకుంటే తన ఫోటో వేయనే వద్దని వారు షరతు పెట్టారు. వారి మొండితనం మనకు కొత్త కాదు గనుక రాయక తప్పడం లేదు.

కొలువులో చేరిన అయిదో ఏట ఒక పొలం గట్టు తగాదాకు పంచనామా రాస్తూ, "వేపచెట్టు ఒకటి, దాని మీద కాకి ఒకటి" అని వారు నమోదు చేశారు. కాకి ఎందుకయ్యా అని పై అధికారి కసురుకుంటే, "నేను సూసినప్పుడు ఉన్నింది సార్" అన్నారట. నాటి నుండి శాఖలో వారికి కాకి బాషా అనే బిరుదు స్థిరపడింది. మనమంతా చాటుగా నవ్వుకున్నాం గానీ, కంటికి కనిపించినదే కాగితం మీదికి రావాలన్న ఆ నియమం వల్లనే వారు సంతకం చేసిన పంచనామాను ఏ కోర్టూ తోసిపుచ్చలేదు.

అటుపిమ్మట కోసిగిలో, ఆస్పరిలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన పన్నెండేళ్ళూ కరువు సంవత్సరాలే. పనుల కోసం ఊళ్ళకు ఊళ్ళే వలసపోతుంటే, ఏ ఇంటికి తాళం పడిందో, ఏ ముసలమ్మ ఒంటరిగా మిగిలిందో ఇల్లిల్లూ తిరిగి రాసుకొని, రేషను ఆగిపోకుండా చూశారు.

ఇక ఆ తప్పు సంగతి. గడచిన ఫిబ్రవరిలో, వలస పల్లెలనూ ఎన్నికల వాగ్దానాలనూ కథావస్తువుగా తీసుకున్న 'నాలుగో సాలు' అనే చలనచిత్రం విడుదలై మన ప్రాంతాన్ని అట్టుడికించింది. అందులో చెట్టుకు కట్టిన ఉయ్యాల మీది ఆకుపచ్చ గుడ్డ గాలికి ఊడి నేల రాలుతుంది, దాని మీదుగా నాయకుని వాహనాలు పోతాయి. అది మా పార్టీ జెండా అని ఒక వర్గం, దర్గాలో సమాధి మీద కప్పే చాదర్ అని మరొక వర్గం భగ్గుమన్నాయి. తెర మీద కనిపించే ఏడు కుండలు ఏడు హామీలట, కుంటి ఎద్దు ఫలానా నాయకుడట! హామీలు ఎనిమిదని తేలినప్పుడు ఎనిమిదో కుండ గుడిసెలో దాచారని వాదించిన మహానుభావులు కూడా ఉన్నారు.

చిత్రంలో ఏముందో చూసి నివేదించమని జిలాని బాషా గారిని ఎమ్మిగనూరు థియేటరుకు పంపారు. ముందు వరుసల్లో ఒక వర్గం, వెనుక మరొక వర్గం కూర్చొని, ప్రతి దృశ్యానికీ "జెండా సార్, రాసుకోండి!" "చాదర్ సార్, రాసుకోండి!" అని అరుస్తూనే ఉన్నారు. రెండున్నర గంటలు చెవిలో పడిన మాట చేతిలోకి ఎప్పుడు దిగిందో వారికే తెలియలేదు. పదకొండు పుటల నివేదికలో ఒక్కచోట, 'జెండావలె కనిపించు ఆకుపచ్చ గుడ్డ' అని రాశారు.

ఆ పుట ఫోటో మర్నాటికల్లా అందరి ఫోన్లలోనూ ఉంది. ప్రభుత్వమే జెండా అని ఒప్పుకుందన్నారు. థియేటరు అద్దాలు పగిలాయి. ఆ దృశ్యంలో కనిపించిన కోసిగి కూలీ హులిగమ్మ ఇంటి మీదికి ఇరువర్గాల వారూ పోయి, నీతో ఆ గుడ్డ కట్టించింది ఎవరో చెప్పు, లేదంటే ఊరు విడిచి పో అన్నారు. ఆమె బిడ్డతో లోపల గడియ వేసుకొని కూర్చుందని తెలిసి, జిలాని బాషా గారు ఆ పూటే కోసిగికి వెళ్ళారు.

"ఆ గుడ్డ యాడిదమ్మా?" అని అడిగారు.

తలుపు సందులోంచే హులిగమ్మ చెప్పింది. "నా పాత సీర సారూ. బిడ్డకు ఎండ తగలకుండ కప్పినాను. సినిమావోల్లు రాకముందు నుంచీ అట్లనే ఉండె. గాలికి పడితే, బాగుందని పటం తీసుకున్యారు." ఆ వెంటనే ఆమే అడిగింది, "జెండా అని మీరే రాసినారంట గదప్పా. మీరు జెండాను సూసినారా?"

"సూడలేదమ్మా."

"మరెట్ల రాసినారు?"

ముప్పయ్యారేళ్ళలో ఏ అధికారీ అడగని ప్రశ్న అది. ఆ వాకిట్లోనే నిలబడి, "తప్పైందమ్మా" అన్నారు.

రెండు రోజులకు ఆదోనిలో శాంతి సంఘ సమావేశం. తప్పును నివేదిక టైపు చేసిన తిరుపాల్ మీదికి నెట్టేస్తే సరిపోతుందని హితైషులు సలహా ఇచ్చారు. తిరుపాల్ అన్నం మానేసి కూర్చున్నాడు. "ఇంకెన్ని నెల్లుంది మీ ఉద్యోగం? గమ్మునుండరాదా?" అని శ్రీమతి లాలాబీ గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. బయట ఇరువర్గాల కేకలు, లోపల చెమటలు.

జిలాని బాషా గారు లేచి, "ఆ మాట తిరుపాల్‌ది కాదు, నాది. నేను గుడ్డను సూసినాను, జెండాను ఊహించినాను. అది హులిగమ్మ సీర" అని, అందరి ముందూ 'జెండావలె కనిపించు' అన్న రెండు మాటలనూ కొట్టివేసి సంతకం చేశారు. చాదర్ అన్న వర్గంలో ముందున్న నౌషాద్, "చాచా, మీరు మన పక్షాన రాస్తారనుకున్యామే!" అన్నాడు. "ఎవరి పక్షాన రాసినా తప్పే బేటా. పోయి ఆయమ్మ తలుపు తీయించు ముందు" అన్నారు. ఆ మాటకు నౌషాద్ లేచి కోసిగికి బయలుదేరాడు. ఎదుటి వర్గం వారికి కూడా అరవడానికి ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రమే హులిగమ్మ గడియ తీసింది.

ప్రతిఫలంగా వారికి మెమో వచ్చింది, సర్వీసు రిజిస్టరులో మందలింపు చేరింది. మచ్చలేని ఆ పుస్తకంలో చివరి ఏట పడిన ఆ ఒక్క గీత చూస్తే ఇప్పటికీ మా కడుపు మండుతుంది. వారు మాత్రం, ఉన్నదే రాశారు గదా అంటారు.

ఈ సంచిక కోసం ఫోను చేస్తే, వలసపోయిన చోటి నుంచి హులిగమ్మ అన్నది: "ఆయప్ప సల్లగుండల్ల. అద్దాలు పగలగొట్టినోల్లు, తలుపు బాదినోల్లు మంది ఉండిరి. నా వాకిట్లోకి వచ్చి తప్పైందన్యోడు ఆయప్పొక్కడే."

ఆ దీవెనకు మా అందరి ప్రార్థననూ జోడిస్తున్నాం. జిలాని బాషా గారు లాలాబీ గారితో కలిసి నిండు ఆరోగ్యంతో, నిబ్బరమైన మనసుతో నూరేళ్ళు మా మధ్యనే ఉండాలి. మేము తప్పు చేసిన రోజున, "మీరు సూసినారా?" అని అడగడానికి మాకొక మనిషి కావాలి.