నాలుగో స్తంభం

“ఖలీలుల్లా! ఓ ఖలీలుల్లా! బయటికి రావయ్యా, నిన్న సాయంత్రం నేను నిలబడి పాతించిన టెలిఫోను స్తంభం తెల్లారేసరికి మాయమైపోయిండాది!”

“అరె, నారాయణయ్య సారా! రండి సార్, రండి. ఆత్మకూరు బస్సు ఇంత పెందలాడే వచ్చిందే ఈ పొద్దు?”

“స్తంభం పోయిందంటే బస్సు సంగతి అడుగుతావేందయ్యా? నీ ఇంటికి రావాల్సిన లైను అది!”

“పోయిందా? ఎక్కడికి పోయింది సార్?”

“నాకు చెప్పిపోయేదానికి అదేమన్నా నడిచిపోయిందా? ఇది నాలుగోది. పాతడం, పోవడం. పాతడం, పోవడం. లైన్ ఇన్‌స్పెక్టరుగా తీగె దొంగల్ని చూసినాను, ఇనప సామాన్ల దొంగల్ని చూసినాను. నిలువెత్తు కొయ్య స్తంభాన్ని ఎత్తుకపోయేవాడుంటాడని మీ ఉదయగిరిలోనే వింటుండా!”

“కూర్చోండి సార్. చాంద్బీ, సారుకు టీ పెట్టు.”

“టీ వద్దు. రేపు మా పెద్దసారు స్వయంగా వస్తుండాడు. ఆయన ముందర నీ ఇంట్లో ఫోను మోగాల. మోగలేదా, ఈ కనెక్షను కలువాయిలో ఇంకెవరికో రాసిపారేస్తాడు. నువ్వు మళ్ళీ మొదట్నుంచి క్యూలో నిలబడాల.”

“అట్లనొద్దు సార్! డెబ్బై ఎనిమిదిలో పెట్టిన అప్లికేషను, ఎనభై మూడొచ్చింది. మద్రాసు షాపోళ్ళు చెక్క గరిటెలకు ఆర్డరు ఫోన్లోనే చెప్తారు. ఈ వీధికంతా ఫోనుండేది మాలకొండయ్యకే, ఆయనదీ చెక్క పనే. నా ఆర్డరు ఆయన ఫోనుకు వస్తుంది, ఆయనే ఒప్పుకుంటాడు, ఆయనే సరుకు పంపించేస్తాడు. అడిగితే, ‘నీ పేరు చెప్పలేదే’ అంటాడు. ఇంట్లోకి ఫోను రాకపోతే నేను రంపం మూలనేసి కూలికి పోవాల్సిందే.”

“ఆగాగు. ఎవరన్నావు? మాలకొండయ్యా?”

“ఏం అనలేదు సార్.”

“అన్నావు! నీకు ఫోనొస్తే నష్టం ఎవరికి? ఆయనకే కదా. గుంత దగ్గర ఏం దొరికిందో తెలుసా? రంపప్పొట్టు! ఇదిగో, పొట్లం కట్టి తెచ్చినాను. వాసన చూడు.”

“వద్దు సార్.”

“చూడవయ్యా.”

“...తారు.”

“తారే! చెదలు పట్టకుండా మేం స్తంభానికి పూసే తారు. అంటే ఏంది? దొంగ దాన్ని అక్కడికక్కడే కోసినాడు. రంపం ఉండేవాడు. చెక్క పని తెలిసినవాడు.”

“రంపాలు ఈ వీధిలో అందరికీ ఉండాయి సార్.”

“నువ్వు మెత్తనోడివి కాబట్టి వెనకేసుకొస్తుండావు. ఏందమ్మా చాంద్బీ, వద్దంటే తెచ్చినావా? సరే, ఇయ్యి. ఆహా! ఈ టీలో తారు వాసన లేదే!”

“టీలో తారెందుకుంటుందన్నా?”

“మా ఇంట్లో ఉండాదమ్మా! చారులో తారు, మజ్జిగలో తారు, పాయసంలో కూడా తారే. డాక్టరుకు చూపిస్తే, నాలికలో దోషం లేదు, మనసులో ఉండాది, డ్యూటీ తగ్గించుకోమన్నాడు. మా ఆవిడ దిష్టంటుంది. పెద్దసారింట్లో కూడా ఇదే గొడవంట. మొత్తం మా ఆఫీసుకే దిష్టి తగిలిందేమో!”

“మా ఇంట్లో అయితే స్టీలు గరిటెలే వాడేదన్నా.”

“చాంద్బీ! నువ్వు లోపలికి పో.”

“ఎందుకు పోవాల?”

“పో అంటుండానా లేదా?”

“ఉండనీవయ్యా. గరిటెలు చెక్కేవాడింట్లో స్టీలు గరిటెలేందమ్మా?”

“చెక్క దొరకడం లేదు సార్, అందుకని. ఎండాకాలం నుంచి ఫారెస్టోళ్ళు కొండెక్కనియ్యడం లేదు. ఎండుపుల్ల కూడా ముట్టుకోనియ్యరు.”

“ఎండాకాలం నుంచా? మరి నాకిచ్చిన... సర్లే, అదట్లుంచు. పెద్దసారు కోడలికి చపాతీ పీట, అప్పడాల కర్ర చెప్పినా కదా నిన్న? అయినాయా?”

“అయినాయి సార్. సంచిలో పెట్టినాను, ఇదిగో.”

“భేష్! నిన్న సాయంత్రం నా ముందర చెక్క లేదు, చెక్క లేదని ఏడిస్తివి. తెల్లారేసరికి ఎట్లా వచ్చినాయి? గట్టిగా అడిగితే గానీ నీతో పని కాదు. సరే, నేను పోలీసుస్టేషనుకు పోతుండా. మాలకొండయ్య చేత సాయంత్రంలోపల ఆ స్తంభం కక్కించకపోతే నా పేరు నారాయణయ్యే కాదు.”

“ఆయన్ని పట్టుకుంటారా సార్?”

“పట్టుకోవడమేంది, బేడీలేసి బజార్లో నడిపిస్తారు.”

“ఆయనకు షుగరు సార్.”

“లాకప్పులో తగ్గుతుందిలే.”

“ఏమయ్యా, నోట్లో ఏం పెట్టుకున్నావు? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నువ్వుండు చాంద్బీ.”

“ఎట్లుండేది? మాలకొండయ్య మన ఆర్డర్లు తిన్నాడు, నిజమే. స్తంభం తినలేదు కదా! చెయ్యని దానికి ఆయన్ను బజార్లో నడిపిస్తుంటే చూస్తా నిలబడతావా?”

“ఏందమ్మా, ఏంది మీరిద్దరూ అనుకునేది? ఖలీలుల్లా, ఇటు చూడు. దొంగ ఎవరో నీకు తెలుసా?”

“సార్... ఆ సంచి ఒకసారి వాసన చూడండి.”

“సంచి ఎందుకయ్యా? ఇందులో పీట... ఖలీలుల్లా! ఇది... ఇది తారు!”

“అల్లా తోడు సార్, నాలుగు స్తంభాలూ నేనే కోసినాను. ఫోనుకు సర్కారు అడిగింది డిపాజిట్టు, అది ఎప్పుడో కట్టేసినాను. మీరడిగింది గరిటెలు, అవే తీరడం లేదు. మీకయినాక మీ వియ్యపురాలికన్నారు, ఆమెకయినాక పెద్దసారుకన్నారు. చెక్క లేదు సార్ అంటే, ‘అయితే స్తంభం కూడా లేదు పో’ అన్నారు. ఇంకేం చేసేది? ఒకటి కోసిచ్చినాను, మీరు సంతోషంగా ఇంకోటి పాతించినారు. అదీ కోసినాను. మొదటిది మీ ఇంట్లో చారు కలుపుతా, మజ్జిగ చిలుకుతుండాది, రెండోది మీ వియ్యపురాలింట్లో పప్పు రుద్దుతుండాది, మూడోది పెద్దసారింట్లో గరిటెలూ, ఆయన సాయంత్రం షికారుకు పట్టుకుపోయే చేతికర్రా అయింది, నాలుగోది మీ చేతిలో ఉండాది. మాలకొండయ్యను వదిలేసి నా మీదే కేసు పెట్టుకోండి, దొంగసొమ్ము వెతికేపని కూడా లేదు, అంతా మీ వంటిళ్ళల్లోనే ఉండాది. ఒక్కదానికి మాత్రం మన్నించాల సార్. ఎంత చిత్రిక పట్టినా ఆ తారు వాసన పోలా.”